పంపు ఆగితే మొక్క ఎంతసేపు తట్టుకుంటుంది? మిద్దె మీద హైడ్రోపోనిక్స్‌కు ఆటోమేటిక్ నీటి ఏర్పాటు

మట్టి లేకుండా మిద్దె మీద కూరగాయలు పండించే కిట్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లో బోలెడు దొరుకుతున్నాయి. ఎన్ని మొక్కలు పడతాయి, ఎంత స్థలం చాలు, పంపు ఎన్ని వాట్లు అనేది అమ్మేవాళ్లు చెబుతారు. కొనేవాళ్లు ధర అడుగుతారు. మే నెల మధ్యాహ్నం కరెంటు పోయి పంపు ఆగితే మొక్కలు ఎన్ని గంటలు నిలబడతాయని మాత్రం ఎవరూ అడగరు. ఏ పద్ధతి ఎంచుకోవాలన్నది దాదాపుగా ఈ జవాబు మీదే తేలిపోతుంది. తమాషా ఏమిటంటే, మొక్కను వేగంగా పెంచుతాయని, నీళ్లు బాగా ఆదా చేస్తాయని పేరున్న పద్ధతులే ఇక్కడ ముందుగా చేతులెత్తేస్తాయి.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో చాలా భాగం మన ఎండల కోసం చెప్పినవి కావు. ఇంటి స్థాయి ఆటోమేటిక్ హైడ్రోపోనిక్స్‌కు ఇంత గిరాకీ రావడానికి ఒక ముఖ్య కారణం అమెరికా, కెనడాల్లో ఇంట్లో గంజాయి పెంచుకునేవాళ్లు. కెనడా 2018 అక్టోబరులో గంజాయిని చట్టబద్ధం చేసి ఇంటికి 4 మొక్కల దాకా పెంచుకోవచ్చంది. కొన్ని ప్రావిన్సులు దానికీ ఒప్పుకోలేదనుకోండి. జర్మనీ 2024 ఏప్రిల్ నుంచి పెద్దవాళ్లకు తలా 3 మొక్కలకు అనుమతి ఇచ్చింది. అక్కడ ఆ మొక్క గదిలోపల టెంట్‌లో, ఎల్‌ఈడీ లైట్ల కింద, చల్లగా ఉంటుంది. కరెంటు అంతగా పోదు. మన దేశంలో 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం ఇంట్లో గంజాయి మొక్క పెంచడం నేరం కాబట్టి ఆ పంట సంగతి ఇక్కడితో సరి. ఆ టెంట్ల కోసం తయారైన బకెట్లు, పంపులు, "ఇదే బెస్ట్ సిస్టమ్" అనే వీడియోలు మాత్రం మనదాకా వచ్చేశాయి. వాటిని నమ్మి వరంగల్‌లోనో విజయవాడలోనో మిద్దె మీద టమాటా పెడితే, సెటప్ అదే అయినా ఫలితం వేరుగా ఉంటుంది.

వేడి నీళ్లు, ఊపిరాడని వేళ్లు

వేరుకు నీళ్లతో పాటు ఆక్సిజన్ కూడా కావాలి. నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాములు ఉండగలిగితే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరకు, 35 దగ్గర 7కు పడిపోతుంది. తేడా చిన్నదిగానే కనిపిస్తుంది. కానీ అదే వేడికి వేరు ఇంకా ఎక్కువ ఆక్సిజన్ అడుగుతుంది. అంటే ఇటు రాబడి తగ్గుతుంది, అటు ఖర్చు పెరుగుతుంది. ఈ సందులో పిథియం అనే వేరుకుళ్లు తెగులు చొరబడుతుంది. తెల్లగా ఉండాల్సిన వేళ్లు గోధుమరంగుకు తిరిగి జిగటగా మారతాయి. తొట్టి నిండా నీళ్లున్నా పైన ఆకులు వాడిపోతాయి. నీళ్లు చాల్లేదేమోనని పంపు ఇంకాసేపు నడిపితే వేళ్ల మీదుగా పారేది మళ్లీ ఆ వేడి నీళ్లే.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ రోజుల్లో మిద్దె మీద నల్ల ట్యాంకులో నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగుతాయి. అందుకే పద్ధతి ఏదైనా, వేళ్లు తాకే నీటిని ఎండ నుంచి ఎలా కాపాడాలన్నది ముందు చూసుకోవాలి. పంపు బ్రాండ్ గురించి తర్వాత ఆలోచించవచ్చు.

ఫొటోలో బాగుండే పైపులు

తెల్ల పీవీసీ పైపుల వరుసలు, వాటి రంధ్రాల్లో లెట్యూస్ మొక్కలు, అడుగున సన్నగా పారే పోషక ద్రావణం. హైడ్రోపోనిక్స్ అనగానే చాలామందికి గుర్తొచ్చే బొమ్మ ఇదే. దీన్ని ఎన్‌ఎఫ్‌టీ (న్యూట్రియెంట్ ఫిల్మ్ టెక్నిక్) అంటారు. ఇంగ్లండ్‌లోని లిటిల్‌హాంప్టన్‌లో ఉన్న గ్లాస్‌హౌస్ పంటల పరిశోధన సంస్థలో అలెన్ కూపర్ అనే శాస్త్రవేత్త దీన్ని అభివృద్ధి చేశాడు. వేళ్ల కింది భాగం పలుచని నీటి పొరలో, పై భాగం గాలిలో ఉంటాయి కాబట్టి ఆక్సిజన్ బాగా అందుతుంది. కాలువకు మీటరుకు 2 నుంచి 3 సెంటీమీటర్ల వాలు, నిమిషానికి 1 లేదా 2 లీటర్ల ప్రవాహం ఉంటే చాలు. సూత్రంగా చూస్తే వంక పెట్టడానికి ఏమీ లేదు.

అది పుట్టింది చల్లని దేశపు గాజు ఇళ్లలో. మన మిద్దె మీద ఆ పైపులు పొద్దున పది నుంచి సాయంత్రం దాకా సోలార్ వాటర్ హీటర్ పని చేస్తాయి. పంపు నీళ్లను ఎండ సోకే పైపులోకి పంపుతుంది, వేడెక్కిన నీళ్లు తొట్టిలోకి వస్తాయి, మళ్లీ పైకి వెళతాయి. పంపు ఎంత చక్కగా పనిచేస్తే నీళ్లు అంత త్వరగా కాగుతాయి. ఇక పంపు ఆగితే పైపులో మిగిలేది తడి మాత్రమే. ఎదిగిన ఆకుకూర ఎండాకాలం మధ్యాహ్నం ఆ తడితో గంటో రెండు గంటలో నెట్టుకొస్తుంది, అంతే. గుండ్రటి పైపులో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. పుదీనా, టమాటా లాంటివాటి వేళ్లు గుత్తులుగా పెరిగి పైపుకు అడ్డం పడతాయి. అప్పుడు నీళ్లు మొక్క పెట్టిన రంధ్రంలోంచి పొంగి మిద్దె మీద పారుతుంటే తొట్టి ఖాళీ అవుతుంది.

అలాగని ఇది పనికిరాదని కాదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హైదరాబాద్‌లో లెట్యూస్, పాలకూర, కొత్తిమీరకు ఎన్‌ఎఫ్‌టీ చాలా బాగుంటుంది. 18 వాట్ల పంపు రోజంతా నడిచినా అర యూనిట్ కూడా కాలదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని మీద వేసేయవచ్చు, బ్యాటరీకి అది బరువే కాదు. ఏడాది పొడవునా ఇదే నడపాలనుకుంటే షేడ్ నెట్, తొట్టిని గోడ నీడలోనో మెట్ల గదిలోనో పెట్టడం, ఇన్వర్టర్ కనెక్షన్, ఈ మూడింటి ఖర్చునూ కిట్ ధరకు కలిపి చూసుకోవాలి. అప్పుడు అది అంత చవకగా కనిపించదు.

నీటిలోనే నిలబడే మొక్కలు

డీడబ్ల్యూసీ (డీప్ వాటర్ కల్చర్) పద్ధతిలో వేళ్లు పూర్తిగా పోషక ద్రావణంలో మునిగి ఉంటాయి. అక్వేరియంలో వాడే గాలి పంపు, బుడగలు వదిలే రాయి ఆక్సిజన్ అందిస్తాయి. కరెంటు పోగానే మొక్క ఎండిపోదు, నీళ్లు దగ్గరే ఉంటాయి. చల్లటి రోజుల్లో కొన్ని గంటలు తేలికగా గడిచిపోతాయి. వేసవిలో మాత్రం చిన్న బకెట్ అయితే నీళ్లు కాగి వేరు కుళ్లుతుంది. నీటి పరిమాణం పెద్దదైతే నెమ్మదిగా వేడెక్కుతుంది కాబట్టి 15 లీటర్ల బకెట్లు నాలుగు పెట్టేకంటే నీడలో 60 లీటర్ల పెట్టె ఒకటి మేలు.

హవాయి విశ్వవిద్యాలయానికి చెందిన బెర్నార్డ్ క్రాట్కీ ఆ గాలి పంపును కూడా తీసేశాడు. పెట్టెలో ద్రావణం ఒకసారి నింపి వదిలేస్తే మొక్క తాగేకొద్దీ మట్టం దిగుతుంది. ఖాళీ అయిన జాగాలో వేళ్లు గాలి పీల్చుకుంటాయి. టైమర్ లేదు, పంపు లేదు, ఆగిపోయే వస్తువే లేదు. ఒక విడత పాలకూర, లెట్యూస్ తీసుకునేవాళ్లకు ఇంతకంటే తెలివైన ఆటోమేషన్ వెతకనక్కర్లేదు. మళ్లీ నింపేటప్పుడు మట్టం పైదాకా పెంచి గాలి పీల్చే వేళ్లను ముంచేయకుండా చూసుకుంటే చాలు. టమాటా లాంటి దాహం ఎక్కువ ఉన్న పంటకు ఇది సరిపోదు.

తొట్టెను రోజుకు కొన్నిసార్లు నింపి ఖాళీ చేసే ఎబ్ అండ్ ఫ్లో గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. నారు పెంచడానికి బాగుంటుంది. ఓవర్‌ఫ్లో పైపు మూసుకుపోతే మిద్దె తడుస్తుంది.

కోకోపీట్, డ్రిప్: మన ఎండకు తగిన జోడీ

టమాటా, పచ్చిమిర్చి, వంకాయ, బీర, దోస పెంచాలనుకునేవాళ్లకు కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) నింపిన బకెట్లు, వాటికి డ్రిప్ అన్నది ఈ వ్యాసం మొగ్గు చూపే పద్ధతి. కారణం ఒక్కటే. పది, పదిహేను లీటర్ల కోకోపీట్ బాగా తడిసి ఉంటే పంపు ఆగినా మొక్కకు చాలాసేపు నీళ్లుంటాయి. మామూలు రోజుల్లో దాదాపు ఒక రోజు, ఎండాకాలంలో పెద్ద మొక్కకైనా మధ్యాహ్నం గడిచే దాకా. ఆఫీసులో ఉండగా కరెంటు పోయిందని మెసేజ్ వస్తే టెన్షన్ పడనక్కర్లేదు.

ఇంకో లాభం విడిభాగాలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో మొదలైన సూక్ష్మసేద్య ప్రాజెక్టు పుణ్యమా అని డ్రిప్ సామాను అమ్మే దుకాణం లేని పట్నం లేదు. 16 మిల్లీమీటర్ల లేటరల్ పైపు, గ్రోమెట్లు, సన్న మైక్రో ట్యూబులు, ఫిల్టర్లు మీటర్ల లెక్కన, ముక్కల లెక్కన దొరుకుతాయి. విదేశీ కిట్‌లో ఒక వాల్వ్ విరిగితే అది వచ్చేసరికి పంట అయిపోతుంది.

డ్రిప్పర్ ఎంపికలో మాత్రం చాలామంది పొరపడతారు. దుకాణంలో అడిగితే "ఇది మంచిది సార్, అన్ని చోట్లా సమానంగా పడుతుంది" అని ప్రెజర్ కాంపెన్సేటింగ్ డ్రిప్పర్ ఇస్తారు. పొలంలో మోటారుకు అది నిజంగానే మంచిది. అది పనిచేయాలంటే అర బార్ నుంచి ఒక బార్ దాకా ఒత్తిడి కావాలి. ఒక బార్ అంటే 10 మీటర్ల ఎత్తున్న నీటి ఒత్తిడి. అక్వేరియం సబ్‌మెర్సిబుల్ పంపు మీద 2 మీటర్ల హెడ్ (నీళ్లను ఎక్కించగల గరిష్ఠ ఎత్తు) అని రాసి ఉంటే అది గట్టిగా 0.2 బార్. పైగా ఆ ఎత్తు దగ్గర ప్రవాహం సున్నా. రెండు మీటర్ల స్టాండ్ మీద పెట్టిన డ్రమ్ముదీ అదే కథ. కాబట్టి చిన్న పంపుకు మామూలు డ్రిప్పర్లో, ఒకే పొడవుగా కోసిన మైక్రో ట్యూబులో పెట్టి, లేటరల్ పైపు రెండు చివరలూ కలిపి గుండ్రంగా చేస్తే నీళ్లు దాదాపు సమానంగా పడతాయి. ఒత్తిడి కచ్చితంగా కావాలంటే రైతులు భుజాన వేసుకునే బ్యాటరీ స్ప్రేయర్లలోని 12 వోల్టుల డయాఫ్రం పంపు ఉంది. అది బ్యాటరీ మీద నడుస్తుంది కాబట్టి కరెంటు కోతతో సంబంధం లేదు. డ్రిప్పర్లు మరీ తక్కువైతే మాత్రం దాని ప్రెజర్ స్విచ్ టకటకా ఆగుతూ నడుస్తూ ఉంటుంది.

లెక్క ఇలా వేసుకోవచ్చు. గంటకు 4 లీటర్ల డ్రిప్పర్ 3 నిమిషాల్లో 200 మిల్లీలీటర్లు ఇస్తుంది. ఎదిగిన టమాటాకు ఎండాకాలంలో రోజుకు 2 లీటర్లనుకుంటే, తెల్లవారింది మొదలు సాయంత్రం దాకా 10 విడతలు. 12 మొక్కలకు రోజుకు 24 లీటర్లు, అంటే 100 లీటర్ల తొట్టి 4 రోజులు వస్తుంది. ఒకేసారి 2 లీటర్లు పోస్తే సగం కిందికి కారిపోతుంది. కొద్దికొద్దిగా ఎక్కువసార్లు ఇవ్వడంలోనే ఈ పద్ధతి బలం ఉంది. ఇచ్చినదాంట్లో 10 నుంచి 20 శాతం కిందికి కారేలా చూసుకోవాలి, లేకపోతే కోకోపీట్‌లో ఉప్పు పేరుకుంటుంది. ఆ కారిన నీళ్లు పారబోయకుండా మట్టి కుండీల్లోని మల్లెకో కరివేపాకుకో పోయవచ్చు.

ఇక్కడే టైమర్ అసలు విషయమవుతుంది. చవకగా దొరికే గుండ్రటి మెకానికల్ టైమర్‌లో ఒక్కో పిన్ను 15 నిమిషాలు. 3 నిమిషాలు అనేది దానికి తెలియదు. కరెంటు పోతే దాని గడియారం కూడా ఆగిపోతుంది. వారం తిరిగేసరికి తెల్లవారుజామున ఇవ్వాల్సిన నీళ్లు ఎప్పుడో ఇస్తుంటుంది. లోపల చిన్న బ్యాటరీ ఉండి, నిమిషాల్లోనో సెకన్లలోనో సెట్ చేయగలిగే డిజిటల్ టైమర్ కొనాలి. మొత్తం ఏర్పాటులో నాలుగు డబ్బులు ఎక్కువ పెట్టదగ్గ వస్తువు ఇదే. వైఫై ప్లగ్గులు ఫోన్‌లో చూసుకోవడానికి ముచ్చటగా ఉంటాయి. కరెంటు వచ్చాక అది ఆన్‌లో లేస్తుందా, ఆఫ్‌లోనా అనేది ముందే పరీక్షించాలి. ఆన్‌లో లేచి, రూటర్ కలవక అలాగే ఉండిపోతే తొట్టి మొత్తం బకెట్ల గుండా కారిపోతుంది.

కోకోపీట్ గురించి ఒక జాగ్రత్త. కొబ్బరి పీచు పరిశ్రమ ఉన్న కోనసీమ నుంచి వచ్చినా, తమిళనాడు నుంచి వచ్చినా కడగని ఇటుకలో సోడియం, పొటాషియం లవణాలు బాగా ఉంటాయి. నానబెట్టి రెండు మూడుసార్లు కడిగి, కాల్షియం నైట్రేట్ కలిపిన నీటిలో ఒక రాత్రి ఉంచి మళ్లీ కడగాలి. ఈ పని ఎగ్గొడితే మొదటి నెల మొక్కకు పోయాల్సిన కాల్షియాన్ని కోకోపీటే పట్టేసుకుంటుంది. టమాటా కాయ అడుగు నల్లబడటానికి మందుల షాపులో పరిష్కారం వెతకడం అప్పుడు మొదలవుతుంది.

కరెంటు అసలే వద్దనుకునేవాళ్లకు ఫ్లోట్ వాల్వ్ కుండీలున్నాయి. ఎత్తు మీద డ్రమ్ము, దాన్నుంచి పైపు, ప్రతి కుండీ కింద ట్రేలో చిన్న వాల్వ్. ట్రే ఆరితే నీళ్లు వస్తాయి, నిండితే ఆగుతాయి. ఇంటి ట్యాంకులో బాల్ వాల్వ్ తెలిసినవాళ్లకు వేరే వివరణ అక్కర్లేదు. వాల్వులో చిన్న నలక పడితే అది మూసుకోదు, ఆ ఒక్క కుండీ నానిపోతుంది. పైపు మొదట్లో మంచి ఫిల్టర్ ఉంటే ఎండాకాలానికి ఇది నమ్మదగిన ఏర్పాటు.

బోరు నీళ్ల సంగతి

ఏ కిట్ డబ్బా మీదా రాయని విషయం నీటి నాణ్యత. భారత ప్రమాణాల సంస్థ తాగునీటికి కోరదగిన టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) లీటరుకు 500 మిల్లీగ్రాములని చెబుతుంది. వేరే నీళ్లు లేనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటుంది. హైదరాబాద్ కాలనీల్లో చాలా బోర్లు ఈ రెండింటి మధ్య ఉంటాయి. 800 పీపీఎం (లీటరుకు 800 మిల్లీగ్రాములు) చూపే బోరు నీళ్ల ఈసీ (లవణాలు ఎంత ఉన్నాయో తెలిపే విద్యుత్ వాహకత) ఏమీ కలపకముందే దాదాపు 1.6. లెట్యూస్‌కు పోషకాలన్నీ కలిపాక ఉండాల్సింది 1.2 చుట్టుపక్కల. అంటే ఎరువు కలపడానికి జాగాయే లేదు. అందులో ఉన్నది కాల్షియమా, సోడియమా అన్నది పెన్ను మీటరు చెప్పదు. ఒకసారి ల్యాబ్‌లో నీళ్లు పరీక్ష చేయిస్తే ఎన్నో ఊహాగానాలు తగ్గుతాయి.

నీళ్లు తిప్పి తిప్పి వాడే పద్ధతుల్లో మొక్క వదిలేసిన సోడియం పోగుపడుతూ వస్తుంది. అందుకని ద్రావణాన్ని తరచూ పారబోసి కొత్తది కలపాలి. నీళ్లు 90 శాతం ఆదా అని కిట్ల ప్రకటనల్లో కనిపించే మాట బోరు నీళ్ల దగ్గర నిలబడదు. ఆర్వో నీళ్లు వాడదామంటే ఇళ్లలోని చాలా ఫిల్టర్లు ఒక లీటరుకు రెండు మూడు లీటర్లు బయటికి వదులుతాయి. రోజుకు 24 లీటర్లు తాగే టమాటాలకు అది దండగ. కొద్ది నీళ్లతో నడిచే ఆకుకూరల పెట్టెకు ఆర్వో లేదా పట్టి ఉంచిన వాన నీళ్లు, కాయకూరల డ్రిప్‌కు మున్సిపల్ నీళ్లు అని విడదీసుకోవడం లెక్కకు సరిపోతుంది. ఆర్వో, వాన నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం దాదాపు ఉండవు కాబట్టి అవి విడిగా వేయాలి.

ఏది మనిషికి వదిలేయాలి

నీళ్లిచ్చే వేళ, తొట్టి మట్టం యంత్రానికి అప్పజెప్పవచ్చు. పీహెచ్, ఎరువు మోతాదును యంత్రానికి ఇవ్వడం ఇంటి స్థాయిలో తెలివైన పని కాదు. పీహెచ్ ప్రోబ్ అరిగిపోయే వస్తువు, తరచూ కాలిబ్రేట్ చేయాలి. అది తప్పు అంకె చూపితే డోసింగ్ పంపు నమ్మకంగా యాసిడ్ పోస్తూనే ఉంటుంది. తెల్లారేసరికి వేళ్లు మాడి ఉంటాయి. రెండు మూడు రోజులకోసారి మనిషే మీటరు ముంచి, పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉందో లేదో చూసి సరిచేస్తే సరిపోతుంది. బోరు నీళ్లలో బైకార్బనేట్లు ఎక్కువ కాబట్టి తగ్గించిన పీహెచ్ మర్నాటికి మళ్లీ ఎక్కుతుంది. అది మీటరు లోపం కాదు.

తొట్టిని నింపే బాల్ వాల్వ్‌ను నేరుగా ఇంటి ఓవర్‌హెడ్ ట్యాంకుకు కలపడం కూడా ప్రమాదమే. కింద ఎక్కడో పైపు ఊడితే వాల్వ్ నింపుతూనే ఉంటుంది. ఎరువంతా కొట్టుకుపోతుంది, ఇంట్లో స్నానానికి నీళ్లుండవు. మధ్యలో 50 లీటర్ల డ్రమ్ము ఒకటి పెడితే నష్టం అక్కడితో ఆగుతుంది. పంపు ఆగినప్పుడు పైపుల్లోని నీళ్లు వెనక్కి వస్తాయి, వాటికి తొట్టిలో ఖాళీ ఉంచాలి. నీళ్లు పడే చివర తొట్టి మట్టం కంటే కిందుంటే పంపు ఆగాక కూడా సైఫన్ అయి కారుతూ ఉంటుంది. పైపు ఎత్తైన చోట చిన్న రంధ్రం పెడితే గాలి చొరబడి అది తెగిపోతుంది.

మిద్దె మీద తడి, కరెంటు ఒకేచోట ఉంటాయి కాబట్టి ఎర్తింగ్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) లేకుండా పంపు ప్లగ్ పెట్టకూడదు. 200 లీటర్ల డ్రమ్ము 200 కిలోల పైమాటే, అది స్లాబ్ మధ్యలో కాకుండా దూలం మీద పడేలా పెట్టాలి. తొట్టి మూత బిగువుగా ఉండాలి. డెంగీ దోమకు నిలవున్న మంచి నీళ్లే ఇష్టం. సందు దొరికితే హైడ్రోపోనిక్ తొట్టినీ వదలదు.

గోంగూర, తోటకూర కోసం ఇంత హంగామా అక్కర్లేదు, అవి మట్టి కుండీలోనే బ్రహ్మాండంగా వస్తాయి. సంక్రాంతికి నాలుగు రోజులు ఊరెళ్లేవాళ్లకు ఆకుకూరలైతే క్రాట్కీ పెట్టెలు, కాయకూరలైతే నిండు తొట్టితో డ్రిప్ సరిపోతాయి. అప్పుడు చలి, మొక్క తాగేది తక్కువ. పిల్లల వేసవి సెలవులకు రెండు వారాలు వెళ్లాలంటే 12 టమాటా బకెట్లకు కావాల్సినవి 330 లీటర్లకు పైనే. అంత తొట్టి పెట్టేకంటే ఏప్రిల్‌లో కాపు అయిపోయేలా జనవరిలోనే నాటేసి, బకెట్లు ఖాళీ చేసి వెళ్లడం నయం.